టిక్కుమనని మెడలు

ఆంధ్రా ఒడిశా సరిహద్దులో గిరిసోల చెక్‌పోస్టు గేటు దగ్గర ఆగే లారీ డ్రైవర్లకి కాశీవిశ్వనాథం సెలూన్ తెలియకపోవడమంటూ ఉండదు. గడ్డం చేయించుకోవడం ఒక వంక మాత్రమే. అసలు పని ఆ తరవాత మొదలయ్యేది. కాశీ వాళ్ల భుజాలు పిసికి, మాడుకి నూనె అద్ది, ఆఖరున గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి వేసి మెడని ఒక్క విసురున ఎడమకి, మరో విసురున కుడికి తిప్పేవాడు. టిక్కుమని రెండు చప్పుళ్లు. తెలుగువాడైనా ఒడియావాడైనా ఆ చప్పుడు వినగానే కళ్లు మూసుకుని హాయిగా నిట్టూర్చేవాడు.

ఆ విద్య తండ్రి దగ్గర నేర్చుకున్నది. ముప్ఫై ఏళ్లలో ఎన్ని వేల మెడలు తిప్పాడో అతనికే తెలియదు. ఒక్కరికీ ఏమీ కాలేదు. అందుకని ఎవరికీ ఏమీ కాదనే నమ్మాడు.

నిరుడు వినాయక చవితి వెళ్లిన వారానికి ఈశ్వర్ వచ్చాడు. పొలసర నుంచి విశాఖపట్నానికి కూరగాయలు తోలే డ్రైవరు. ఆరేళ్లుగా కాశీకి అలవాటైన మనిషి.

"మావా, నాల్రోజులై మెడ కుడేపుకి తిరగట్లేదు. గట్టిగా ఒకటి లాగీ," అన్నాడు కుర్చీలో కూలబడుతూ.

కాశీ లాగాడు. ఎప్పటికన్నా పెద్ద చప్పుడే అయింది. ఈశ్వర్ నవ్వబోయి ఆగిపోయాడు. అతని మొహంలో నెత్తురు దిగిపోవడం కాశీకి అద్దంలో కనిపించింది.

"మావా, గదంతా తిరిగిపోతంది," అంటూ కుర్చీ చేతులు పట్టుకుని, అక్కడే వాంతి చేసుకున్నాడు.

పక్కనే ఇడ్లీ బండి పెట్టుకునే కాశీ భార్య చిట్టమ్మ పరుగున వచ్చింది. మొగుడి మొహం చూసింది. రోడ్డు మీదకి వెళ్లి ఆటో ఆపింది. బరంపురం ఆసుపత్రికి చేరేదాకా ఈశ్వర్ తల కాశీ ఒళ్లోనే ఉంది. దాని మీద చెయ్యి వెయ్యడానికి కాశీకి ధైర్యం చాలలేదు.

స్కానింగులు తీశారు. మెడలోంచి మెదడుకి వెళ్లే రక్తనాళానికి దెబ్బ తగల్లేదని తేలింది. అప్పుడు డాక్టరు అడిగాడు, మెడ ఎవరు తిప్పారని.

"ఎవులూ తిప్పనేదండీ. నిద్దట్లో పట్టీసింది," అన్నాడు ఈశ్వర్.

కాశీ ఊరుకుంటే ఆ మాట అక్కడితో పోయేది. "కాదండీ. నానే తిప్పినాను," అన్నాడు.

డాక్టరు తిట్టలేదు. "ఈసారికి అదృష్టం. ఇలాంటిదాంతో మంచాన పడ్డవాళ్లని నేను చూశాను," అని చెప్పి, ఈశ్వర్‌ని ఫిజియోథెరపీకి రాశాడు. వారానికి మూడు రోజులు, నాలుగు వారాలు. ప్రతిసారీ తాను కూడా వస్తానని కాశీ ఈశ్వర్‌కి మాటిచ్చాడు.

ఫిజియోథెరపీ గదిలో ఉండేది నవ్య. శ్రీకాకుళం నుంచి వచ్చి బరంపురంలో స్థిరపడిన రైల్వే గుమాస్తా మనవరాలు. మొదటిరోజు ఆ అమ్మాయి అరగంటసేపు ఈశ్వర్ మెడ ముట్టుకోలేదు. ప్రశ్నలడిగింది. వేళ్ల పట్టు చూసింది. చేతుల తిమ్మిర్లు, కళ్ల చూపు, నడక, అన్నీ చూశాక బోర్లా పడుకోబెట్టింది. రెండు బొటనవేళ్లు మెడలో ఒక్కచోట ఆనించి, ఉయ్యాల ఊపినంత నెమ్మదిగా నొక్కుతూ వదులుతూ ఉంది. మధ్యమధ్య "ఇప్పుడెలా ఉంది?" అని అడుగుతోంది.

మూలనున్న స్టూలు మీంచి చూస్తున్న కాశీకి ఇదీ ఒక పనేనా అనిపించింది.

తరవాత ఆమె ఈశ్వర్‌ని కూర్చోబెట్టి చెంపకి అరచెయ్యి ఆనించింది. "నా చేతిని కొంచెం తొయ్యి. గట్టిగా వద్దు. చాలు, ఇప్పుడు వదిలెయ్యి," అంది. అలా మూడుసార్లు చేయించేసరికి, ఎవరూ తిప్పకుండానే ఈశ్వర్ మెడ రెండు వేళ్ల మేర కుడికి తిరిగింది. కాశీ స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు.

రెండోవారం దాకా ఆపుకుని, ఆఖరికి అడిగేశాడు. "ఏటనుకోకమ్మా. నాను తిప్పితే ఒక్క దెబ్బకి వొదిలీసీది. నువ్వేటి ఇంతసేపు నిమురుతున్నావు?"

నవ్య నవ్వింది. "మీరు చేసేది మా చదువులోనూ ఉంది మావయ్యా. మేమూ వేగంగా తోస్తాం. కాకపోతే చాలా కొంచెం, అదీ ఒక్క కీలు దగ్గరే. ముందు పరీక్ష చేసి, ఎవరికి పనికిరాదో చూసుకుని. మీరు తల మొత్తం పట్టుకుని తిప్పేస్తున్నారు. మధ్యలో వద్దంటే మీరు ఆపగలరా?"

"ఆపలేను."

"నేను నొక్కేటప్పుడు ఈశ్వర్ వద్దంటే ఆ క్షణమే నా చెయ్యి ఆగిపోతుంది. అంతే తేడా."

"మరి ఏది బాగా పనిచేస్తాదమ్మా?"

"సరిగ్గా చేస్తే రెండూ ఇంచుమించు ఒకటే. నూనె మర్దనా కూడా మంచిదే, కండ వదులవుతుంది. కానీ ఏదైనా కొన్నాళ్లే. రోజూ మెడకి కసరత్తు చేయిస్తేనే ఆ సుఖం నిలబడుతుంది."

"ఎముక సర్దుకున్న సప్పుడొస్తాది గదా మరి?"

"అది ఎముక సర్దుకోవడం కాదు మావయ్యా. కీలు మధ్య నీరుంటుంది. అందులో గాలి బుడగ చప్పుడు."

తండ్రి తనకిచ్చినదంతా ఒక గాలి బుడగేనా అని ఆ రోజంతా కాశీ మనసు బాధగానే ఉంది.

మూడోవారం ఈశ్వర్ పని అయ్యాక, వెళ్లొస్తామని చెప్పడానికి కాశీ వెనక్కి తిరిగాడు. మెడ తిరగక ఒళ్లంతా తిప్పాడు. నవ్య అది కనిపెట్టింది.

"మీ మెడకి ఎన్నాళ్లుగా నొప్పి?"

కాశీ అబద్ధం ఆడబోయి మానుకున్నాడు. "ఏడెనిమిదేళ్లుంటాదమ్మా. మెడలు సూసీవోడికే మెడనొప్పంటే నవ్వుతారని ఎవులికీ సెప్పనేదు. సిట్టికి కూడాను."

నవ్య అతన్నీ పరీక్షించి బల్ల మీద పడుకోబెట్టింది. రోజంతా ఎదుటివాడి తల మీదకి వంగి నిలబడిన మెడ అది. దాని మీద పరాయి చెయ్యి పడడం అదే మొదలు. నొప్పి ఎక్కడుందో కాశీ చెప్పలేకపోతే ఆమె బొటనవేలే వెతుక్కుంటూ వెళ్లి పట్టుకుంది. కాశీ ఊపిరి బిగబట్టుకుని, ఎప్పుడు విసురుతుందోనని ఎదురుచూశాడు. విసరలేదు. మళ్లీ మళ్లీ అదే మెత్తటి ఒత్తిడి. తన కుర్చీలో కూర్చున్నవాళ్లు కూడా ఇలాగే ఊపిరి బిగబట్టేవారని అప్పుడు గుర్తొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. బోర్లా పడుకుని ఉన్నాడు కాబట్టి ఎవరికీ కనపడలేదు.

"నీ చేతుల్లో పట్టుంది మావయ్యా," అంది ఆమె, 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయిన సంగతి గమనించకుండానే. "కండ ఎక్కడ బిగిసిందో నీకు తెలుసు. అది బుడగ కాదు. దాన్ని పారేసుకోకు."

నెల తిరిగేసరికి ఈశ్వర్ మళ్లీ స్టీరింగు పట్టాడు. కాశీ సెలూన్లో మెడ తిప్పడం ఆగిపోయింది. "టిక్ కొరి దియొ, భాయినా," ఒక్కసారి టిక్కుమనిపించు అన్నా, అని ఒడియా డ్రైవర్లు బతిమాలారు. కొందరు విసుక్కుని వేరే సెలూన్ చూసుకున్నారు. ఉన్నవాళ్లకి కాశీ భుజాలు పిసికి, ఆపైన నవ్య నేర్పినట్టుగా అద్దంలో చూస్తూ, తల నిటారుగా ఉంచి గడ్డాన్ని వెనక్కి లాక్కోమనేవాడు. అయిదు లెక్కపెట్టి వదలమనేవాడు. చేతులకి తిమ్మిరి ఎక్కుతోందన్నవాళ్లని మాత్రం ముట్టుకోకుండా ఆసుపత్రికి పంపేవాడు. వెళ్లిపోయినవాళ్లలో సగంమంది దీపావళి దాటాక తిరిగొచ్చారు.

ఫాల్గుణంలో నవ్య ఫోన్ చేసింది. డ్రైవర్ల కోసం గేటు దగ్గర ఆరోగ్య శిబిరం పెడుతున్నారట. కసరత్తులు చెప్పడానికి రమ్మంది.

"నాకు సదువు నేదు గదమ్మా," అన్నాడు కాశీ.

"వాళ్లు నా మాట వినరు మావయ్యా. నీ మాటైతే వింటారు."

శిబిరం రోజున చిట్టమ్మ బండి దగ్గర పని చెల్లెలికి అప్పజెప్పి మరీ వచ్చి చివరి వరసలో నిలబడింది. కాశీ ఉతికిన చొక్కా వేసుకుని, నలభైమంది డ్రైవర్ల ముందుకి వచ్చాడు. మొదట చొక్కా గుండీలు సర్దుకుంటూ నిలబడిపోయాడు. చివరి వరసలోంచి చిట్టమ్మ, "మొదలెట్టు, ఆళ్లేటి నీకు కొత్తోళ్లా?" అంది.

అందరూ నవ్వారు. కాశీ తెలుగులో ఒక మాట, ఒడియాలో ఒక మాట కలుపుకుంటూ మొదలుపెట్టాడు. "ముందుగాల, ఎవులి మెడ ఆళ్లే తిప్పుకోండి. మెల్లగా. నొప్పెడితే ఆపీయండి."