ఒక్క రిమోట్‌కి ఇద్దరం

అటక మీది పెట్టె మూత తీయగానే కువైట్ అత్తరు వాసన గుప్పుమంది. ఇన్నేళ్ళ ఉప్పుగాలికి తాళం తుప్పుపట్టింది గానీ ఆ వాసన మాత్రం చెక్కుచెదరలేదు. పాత చీరల మడతల్లో మా వీడియో గేమ్, చిక్కుపడ్డ వైర్లు, రెండు రిమోట్లు, రెండు డిస్కులు.

అమ్మ కువైట్‌లో ఒకరింట్లో వంట చేసేది. అక్కా నేనూ ఉప్పలగుప్తంలో అమ్మమ్మ దగ్గర పెరిగాం. అమ్మ పనిచేసే ఇంటి పిల్లలకి మోజు తీరిన బొమ్మలూ బట్టలూ అమ్మ సెలవుకొచ్చినప్పుడల్లా మా ఇంటికి చేరేవి. అలా వచ్చినవే ఈ వీడియో గేమూ, అందులో ఆడే ఒక సాహసాల ఆట మొదటి భాగమూ. కత్తి పట్టిన వీరుడు మా అక్క దేవి, దివిటీ పట్టుకుని వాడి వెంట నడిచే పిల్లను నేను. ముసురు పట్టిన రోజుల్లో, చూరు నీళ్ళు ధార కడుతుంటే, కాల్చిన పనసపిక్కలు ఒళ్ళో పోసుకుని, వేళ్ళు మసి చేసుకుని, పాడుబడ్డ కోటలన్నీ తిరిగేవాళ్ళం. అమ్మమ్మ "కళ్ళు పోతాయర్రా" అని కేకలేస్తూనే మా వెనకాల పీట వేసుకునేది. దివిటీ పిల్ల గోతిలో పడినప్పుడల్లా "అయ్యో, పిచ్చిదానా!" అని నొచ్చుకునేది. చెమ్మకి పాడవుతుందని డిస్కుని బియ్యం డబ్బాలో దాచేది. తీసినప్పుడల్లా తవుడు దులుపుకోవాల్సి వచ్చేది.

మరో వేసవికి అమ్మ రెండో భాగం తెచ్చింది. ఆ రోజు ఇంటినిండా పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసిన పొట్టిక్కలు ఉడుకుతున్న వాసన. "ఇద్దరూ కొట్టుకోకుండా ఆడుకోండమ్మా. ఆ ఇంటావిడ్ని బతిమాలి బతిమాలి తెచ్చేను," అని, ప్రయాణం బడలికైనా తీరకుండానే మా పక్కన కూర్చుంది.

డిస్కు తిరిగింది, ఆట మొదలైంది, నా రిమోట్ మాత్రం పనిచేయలేదు. వైరు పీకి మళ్ళీ పెట్టాం. లాభం లేదు. ఈ భాగంలో వీరుడు ఒక్కడే, దివిటీ పిల్లే లేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అమ్మ టీవీ వంక చూడటం లేదు, మా మొహాలే చూస్తోంది.

"ఏంటమ్మా, బాలేదా?"

అక్క నా తొడ మీద గట్టిగా గిల్లింది. "బెమ్మాండంగా ఉందమ్మా! ఈసారి ఒక్క రిమోటే ఇద్దరం పట్టుకోవాలంట," అంటూ నా రిమోట్ వైరు పీకి, కాలితో మంచం కిందికి తోసేసి, తన రిమోట్ ఎడమ సగం తను పట్టుకుని కుడి సగం నా చేతికిచ్చింది. నడక తనది, గెంతూ కత్తీ నావి. అమ్మ మొహం వికసించింది. ఇక అమ్మ సెలవు గడిచేదాకా ఆ నాటకం ఆడక తప్పలేదు మాకు.

నిజం చెప్పాలంటే రెండో భాగంలో గొప్పలు లేకపోలేదు. సముద్రం ఎంత బాగుండేదనీ! సాయంత్రపు ఎండ పడి అలలు మెరుస్తుంటే శత్రువుల్ని వదిలేసి అలాగే చూసేవాళ్ళం. తాళ్ళు పట్టుకుని ఓడ నుంచి ఓడకి ఊగుతుంటే మేమూ అటూ ఇటూ ఊగేవాళ్ళం. కానీ చీటికీమాటికీ ఒకేలాంటి కొట్లాటలు, కథకి తలా తోకా లేదు, ఆడినంతవరకూ సేవ్ చేసుకునే చోట్లు ఎక్కడెక్కడో ఉండేవి. ఈలోగా కరెంటు పోతే అంతా మళ్ళీ మొదటికే. వీరుడు పడవ దిగి పోతుంటే అమ్మమ్మ ఊరుకునేది కాదు: "లంగరెయ్యకుండా పోతాడేంటర్రా, ఆటుకి పడవ కొట్టుకుపోదూ!"

అమ్మ వెళ్ళిపోయాక ఇక నటించే అవసరం లేదు. అయినా మేం అలాగే, ముంజలు తిని జిగురెక్కిన చేతులతో, భుజానికి భుజం ఆనించుకుని ఆడాం. ఒక్కర్తినే ఆడదామని ఇద్దరిలో ఎవరికీ తోచనేలేదు.

ఇప్పుడు అమ్మమ్మ లేదు, ఆ పీటా లేదు. అక్క కువైట్‌లో ఉంది. అమ్మ పూర్తిగా వచ్చేసింది, మోకాళ్ళ నొప్పులతో. కొత్త టీవీకి ఆ పాత వైర్లు ఎక్కించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. తీరా రెండో భాగం మొదలయ్యాక వీరుడు ఉన్నచోటే గెంతుతున్నాడు, గాల్లో కత్తి తిప్పుతున్నాడు, అడుగు ముందుకెయ్యడు. నా ఎడమ చేతికి ఆ ఆట ఏనాడూ రాలేదు మరి.

అమ్మ వచ్చి మెల్లగా పక్కన చతికిలబడింది. "ఇలా ఇవ్వవే, ఒక్కరాడే ఆటైతేనేం, దేవి వైపు నేను పట్టుకుంటాను."

"ఒక్కరాడేదని నీకెలా తెలుసమ్మా?"

"ఆ రెండో రిమోట్ పీకి మంచం కిందికి తోసేసేరు కదే. నేను చూళ్ళేదనుకున్నారా? మీరిద్దరూ అలా ఆనుకుని కూచుంటే చూడ్డానికి బావుందని ఊరుకున్నాను."

అమ్మకి నడిపించడం రాదు. వీరుణ్ణి తిన్నగా సముద్రం వైపు తీసుకుపోతోంది. "గెంతించవే, గెంతించు!" అని అరుస్తోంది. నా కళ్ళకి టీవీ మసకబారిపోయింది, ఏ బటన్ నొక్కాలో కనిపించలేదు.