పాఠానికి అడ్డు తగిలినవాడు

విజయనగరంలో మా వీధి చివరిల్లు సంగీతం వాళ్ళది. విద్వాంసులు వేంకటాచలం గారు ఆ వసారాలోనే ఎందరికో పాట నేర్పారు. ఆయన కూతురు జగదీశ్వరి చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికొచ్చి, పట్టుదలగా చదువుకుని పంతులమ్మ అయింది.

మా ఊళ్ళో జూట్ మిల్లు కూలీల పిల్లలు ఎస్సెల్సీ గట్టెక్కినా కాలేజీ మొదటి ఏడు, పీయూసీలో, నిలబడలేకపోయేవారు. బళ్ళో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. సంగతి అందరికీ తెలుసు, ఎవరం ఏమీ చేయలేదు. జగదీశ్వరి మాత్రం అరవై ఆరులో ఒక సేవాసంఘాన్ని బతిమాలి, వాళ్ళ హాల్లో సాయంత్రాలు ఆ పిల్లలకు కాలేజీ పాఠాలు ముందుగా చెప్పడం మొదలుపెట్టింది.

ఎలా చెప్పేదంటారా? వాళ్ళింట్లో పాట చెప్పినట్టే. ఆవిడ ఒక వాక్యం అంటే పిల్లలంతా అదే వాక్యం అనాలి. గురువు చెబుతుంటే శిష్యుడు అడ్డు తగలడమనేది ఆ ఇంటావంటా లేదు. పిల్లలు ఇంగ్లీషు గడగడా అప్పజెబుతుంటే సంఘం అధ్యక్షుడు చంద్రశేఖరం గారు చుట్టాలను తీసుకొచ్చి మరీ వినిపించేవారు. ఆ ఏడు క్లాసులో వాళ్ళందరూ పీయూసీలో చేరారు.

మరుసటి ఏడు హాలు ఇవ్వాలా వద్దా అని సంఘం తేల్చే వారంలోనే మిల్లు గేటు దగ్గర ఆవిడకు అప్పలసూరి ఎదురయ్యాడు. అందరికంటే బాగా అప్పజెప్పినవాడు. జుట్టు నిండా మిల్లులోని జనపనార పీచు.

"ఏరా, కాలేజీకి వెళ్ళలేదా?"

"మానీసినానమ్మగారూ. మాస్టారు ఒకపాలి సెప్పీసి ఎల్లిపోతారు. మనం తిరిగి అనేదాకా ఆగరు. నాకేటీ తెలీనేదు."

"తెలియకపోతే అడగొద్దూ?"

"గురువుగారు సెప్తన్నప్పుడు మజ్జిలో ఎలగడుగుతాను? తప్పని మీరే సెప్పినారు గదా."

ఆవిడ అటునుంచి అటే బయల్దేరింది. మిగతా పిల్లల ఇళ్ళకూ తిరిగింది. సగానికి పైగా మానేశారు.

సంఘం సమావేశానికి ఆవిడకు తోడుగా నేనూ వెళ్ళాను. "అందరూ చేరారు. ఇంతకంటే ఫలితం ఏం కావాలమ్మా? హాలు మీదే," అన్నారు చంద్రశేఖరం గారు సంబరంగా.

"చేరినవాళ్ళను కాదండీ, నిలిచినవాళ్ళను చూడండి. సగం మంది లేరు. నేను నేర్పిన పద్ధతే తప్పు. మార్చుకుంటాను, ఇంకో ఏడు అవకాశమివ్వండి," అంది జగదీశ్వరి.

నాకు ఆవిడ మీద ఒళ్ళు మండింది. ఆ సంగతి ఎవరడిగారు చెప్పమని? సగం మంది నిలవని క్లాసుకు హాలెందుకని పెద్దలు తేల్చేశాక వాళ్ళ మీద ఇంకా మండింది.

కొత్త పిల్లలతో క్లాసు జగదీశ్వరి వాళ్ళింటి వసారాలోకి మారింది. ఇప్పుడావిడ కాలేజీ మాస్టర్లలాగే ఇంగ్లీషులో ఆగకుండా చెప్పుకుపోయేది. "తెలియకపోతే నన్ను ఆపండి," అని రోజూ మొత్తుకునేది. ఒక్కరూ ఆపేవారు కారు. అన్నిటికీ తలలూపేవారు. మళ్ళీ కాలేజీలో చేరాలని అప్పలసూరి కూడా మిల్లు నుంచి నేరుగా వచ్చి వెనక కూర్చునేవాడు. వాడూ అంతే. ఈ పిల్లలు కూడా మిల్లుకే పోతారేమోనని ఆవిడ బెంగపెట్టుకుంది. చూస్తుంటే నాకూ దిగులేసేది.

ఒక సాయంత్రం పాఠం మధ్యలో అప్పలసూరి లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు.

"ఆగండమ్మగారూ. నాకు తెలీనేదు. మళ్ళీ సెప్పండి."

పిల్లలంతా బిక్కచచ్చిపోయారు. లోపలి గదిలోంచి వేంకటాచలం గారు గద్దించారు. "ఎవడ్రా అది, గురువు చెబుతుంటే ఆపేవాడు?"

జగదీశ్వరి కళ్ళు తుడుచుకుంది.

"నా శిష్యుడు నాన్నా. ఈసారి నిలబడతాడు."