కొత్తవాడ గోడకు నేను అంటగట్టిన ఎనిమిది వందల ఏళ్ళు

ముందే చెప్పేస్తున్నాను, నాకు కొలత తెలియదు. మా వీధిలో గుంత పడితే దాంట్లో నాకు రెండు ఆటోలు, ఒక పెళ్ళి బ్యాండు కనిపిస్తాయి. జ్వరమొస్తే నూట ఎనిమిదికి తక్కువ ఒప్పుకోను. మా ఆవిడ కూరగాయల మార్కెట్లోనూ నా మాటల్లోనూ ఒకటే పద్ధతి పాటిస్తుంది. చెప్పినదాంట్లో సగం దగ్గర బేరం మొదలుపెట్టి, పావు దగ్గర ఖాయం చేస్తుంది. మీరూ అలాగే చదవండి. ఏది పూర్తిగా నా కల్పనో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

ఇలాంటి మనిషికి ఒక పత్రిక వాళ్ళు జిల్లా పేజీలో, ఆదివారం ఆదివారం, అరచేతంత జాగా ఇచ్చి వరంగల్ కట్టడాల మీద అభిప్రాయాలు రాయమన్నారు. నా జీవితంలో నేను కట్టిన కట్టడం ఒక్కటే, బాత్రూంలో బట్టల తీగ. అది మూడో రోజున తడి తువ్వాలుతో సహా నేలకూలింది. అయినా అభిప్రాయానికి పునాది తవ్వే పనిలేదు కదా. రాసేశాను.

మా ఊరికి వచ్చిన చిక్కేమిటంటే, ఎప్పుడో మహానుభావులు కోటలో నాలుగు రాతి తోరణాలు నిలబెట్టి పోయారు. ఆ తర్వాత మాకు ఇంకో ఆకారం తోచలేదు. బస్టాపు మీద తోరణం, ఫంక్షన్ హాలు మీద తోరణం, చివరికి మూత్రశాల మీద కూడా తోరణం. లోపల నీళ్ళు రావు గానీ, పైన సిమెంటు హంసలు మాత్రం ఈదడానికి సిద్ధంగా ఉంటాయి. ఇది ఒక ఆదివారం. ఇంకో ఆదివారం హన్మకొండలో లేచిన నీలం అద్దాల భవనాల మీద పడ్డాను. వాటి ఎదురుగా బండి పెట్టుకున్న పల్లీలాయన మే నెలలో పొయ్యి వెలిగించడం మానేశాడనీ, అద్దాల మీంచి కొట్టే ఎండకే గింజలు వేగిపోతున్నాయనీ రాశాను. మరోవారం ఫుట్‌పాత్ పలకల గురించి. వాటిని వేస్తారు, నీళ్ళ పైపు కోసం లేపుతారు, మళ్ళీ వేస్తారు, కేబుల్ కోసం మళ్ళీ లేపుతారు. ఆ పలకలు తిరిగినంత దూరం నేను తిరగలేదు. వాటి మీద మనుషులు నడవడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

జనం నవ్వారు. నవ్వితే నాకు ఒళ్ళు తెలియదు. నవ్వించింది చాలు, ఈసారి ఏడిపిద్దామనుకున్నాను. అక్కడే తప్పటడుగు పడింది.

ఒక వేసవి మధ్యాహ్నం కొత్తవాడ సందుల్లో తిరుగుతున్నాను. జంపఖానాలు నేసే పేట అది. ఏ ఇంటి ముందు నిలబడినా లోపల నూలు బిగించి కొడుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఒక మలుపులో సున్నపు గోడ, పైన గూనపెంకుల ఇల్లు. గోడ మూలకు మోకాలెత్తు నల్లరాయి, దాని నిండా గీతలు. చూడగానే నా కళ్ళు తడిశాయి. చెమట అయినా కావచ్చు.

వరంగల్‌లో పుట్టినవాళ్ళకు ఒక జబ్బుంది. నల్లరాయి కనిపిస్తే చాలు, అది కాకతీయులదే. బట్టలుతికే బండ, చాయ్ హోటల్లో బల్ల కింద ఎగుడుదిగుడు సర్దిన రాయి, ఏదైనా సరే, వేలు పెట్టి చూపించి, కాస్త గొంతు తగ్గించి, "కాకతీయులది" అంటాం. ఆ జబ్బు నాకు ముదిరిపోయింది. ఆ ఆదివారం రాసి పడేశాను. ఎనిమిది వందల ఏళ్ళ శిల, దాని మీద ఇంతవరకూ ఎవరూ చదవని శాసనం, తేనె, బెల్లం కలిపిన సున్నంతో లేచిన గోడ, ఎవరూ పట్టించుకోని గోడ, దీన్ని కూల్చే చేతులు వణకాలి, వగైరా. ఫోటో కూడా వేయించాను. ఆ ఇంటి తలుపు మాత్రం తట్టలేదు. భోజనం వేళ అయింది, ఆకలేసింది. చరిత్ర మీద ప్రేమ ఎంతున్నా అన్నం చల్లారిపోతుంది కదా.

రెండు వారాల తర్వాత నేను గుమాస్తాగా పనిచేసే కాలేజీ ఆఫీసుకు ఒకామె వచ్చింది. నా వయసే ఉంటుంది. జుట్టుకు ఎర్రటి నూలు పీచు అంటుకుని ఉంది. ప్లాస్టిక్ కవర్లోంచి నా వ్యాసం ముక్క తీసింది.

"గిది రాసింది మీరేనా సారూ?"

నేను కాలర్ సర్దుకున్నాను. సంతకం అడుగుతుందని పెన్ను కూడా తీశాను. "నేనేనమ్మా."

"గది నా ఇల్లు."

పెన్ను మూత పెట్టేశాను.

ఆమె నిలబడే చెప్పింది. ముందు గోడ ఉబ్బింది. వానలు పడేలోపు దాన్ని తీసి, కొత్త గోడ లేపి, స్లాబ్ వేసుకుందామని మున్సిపల్ ఆఫీసులో పర్మిషన్‌కు దరఖాస్తు పెట్టుకుంది. ఇవాళో రేపో చేతికొస్తుందనగా నా వ్యాసం వచ్చింది. ఫైలు పక్కన పెట్టారు.

"పాత కట్టడమంట. పరిశీలన చేసేదాక గోడను ముట్టద్దంట. ఆ గోడకు ఆనుకొనే మా మగ్గం ఉన్నది సారూ. మొన్న చిన్న వాన పడితేనే పడుగు నూలు మీద కవర్ కప్పుకొని కూసున్న. గట్టి వాన ఒక్కటి పడ్డదంటే గోడొచ్చి మగ్గం మీద కూలవడుతది. మగ్గం పోతే నేనేం తినాలె? మీ పేపరా?"

నేను కుర్చీ ఆమె వైపు జరిపాను.

"గింతనే కాదు. మీరు రాసిన కాడి నుంచి సందులోళ్లు ఆ రాయికి పసుపు పూస్తాన్రు. మేం చర్చికి పోయేటోళ్లం. మొన్న ఆదివారం ప్రార్థన నుంచి వచ్చేసరికి ఎవలో కొబ్బరికాయ కొట్టిపోయిన్రు. చిప్పలు పారేయబుద్ధి గాక పచ్చడి నూరిన."

"ఎట్లున్నది?" అన్నాను.

"ఏంది?"

"పచ్చడి."

ఆ చూపుకు మా ఆఫీసు ఫ్యాను ఆగిపోయింది. కరెంటు పోయిందని తర్వాత తెలిసిందనుకోండి.

గొంతు సవరించుకుని అసలు సంగతి అడిగాను. "మరి ఆ రాయి?"

"మా మామ పాతిండు. మలుపు మీద బండ్లన్నీ గోడకు రాసుకపోతానయని, క్వారీ కాడ పనికిరాదని పారేసిన రాయి తెచ్చి మూలకు పెట్టిండు. నా పెండ్లయినంక ఏడాదికి. ముప్పై ఏండ్లయితది."

"దాని మీద శాసనం..."

"ఏం శాసనం సారూ. ట్రాక్టర్ ట్రాలీల గీకుడు."

నా ఎనిమిది వందల ఏళ్ళు నిలబడ్డచోటే ముప్పైకి దిగిపోయాయి.

మర్నాడు సెలవు పెట్టి ఆమెతోపాటు ఆ ఫైలు ఉన్న ఆఫీసుకు వెళ్ళాను. లోపలున్న అధికారి నన్ను చూడగానే కుర్చీలోంచి లేచాడు. అంతవరకూ నన్ను చూసి లేచినవాళ్ళు బస్సులో పక్క సీటువాళ్ళే, అదీ వాళ్ళ స్టేజీ వచ్చినప్పుడు.

"సార్! మీ వ్యాసం చదివినంక మా కండ్లు తెరుచుకున్నయి."

"జర మళ్ళా మూసుకోండి సార్," అన్నాను. "నేను రాసింది తప్పు."

ఆయన నవ్వాడు. "మీరు పెద్దమనసుతోటి, ఈ అమ్మ కోసం అట్ల అంటున్నరు."

ఇన్నాళ్ళూ నేనేం రాసినా నమ్మినవాళ్ళు, మొదటిసారి నిజం చెబితే నమ్మడం లేదు. చివరికి ఆయన అన్నదే న్యాయంగా ఉంది. "రేపు నన్నెవరన్న అడిగితే నేనేం చూపియ్యాలె? మీ వ్యాసంల ఏది నిజమో, ఏది కాదో వరుసగా రాసి సంతకం పెట్టుండ్రి. నేను రేపే వచ్చి చూస్త."

నా వ్యాసం బల్ల మీద పరిచారు. ఆయన చదువుతున్నాడు, నేను జవాబు చెబుతున్నాను. పదో తరగతి లెక్కల పరీక్షలో కూడా నేను ఇన్ని తప్పులు ఒప్పుకోలేదు.

"ఎనిమిది వందల ఏండ్లు?"

"కాదు."

"చదవని శాసనం?"

"ట్రాలీ."

"తేనె, బెల్లం కలిపిన సున్నం?"

నేను ఆమె వైపు చూశాను. "ఉత్త సున్నమే," అంది. "తేనె ఉంటే గోడకు పెడుతరా ఎవలన్న?"

"సందులో నడుస్తుంటే ఏనుగుల ఘీంకారం వినిపిస్తుంది?"

"నీళ్ళ ట్యాంకర్ హారన్," అన్నాను తల వంచుకుని.

"ఎవరూ పట్టించుకోని గోడ?"

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇది నిజం సార్. ఇదొక్కటి నిజమని రాసుకోండి."

"గదే అన్నిటికన్న పెద్ద అబద్ధం," అందామె.

గొంతు పెంచలేదు. బల్ల మీది కాగితం వైపే చూస్తూ అంది. "ఏటా క్రిస్మస్‌కు ముంగట సున్నం నేనే ఏస్త. మా ఆయన సచ్చిపోయిన ఏడు సుత ఏసిన. ఉబ్బిన కాడ మట్టి కూరి, కట్టె ఆనిచ్చి, గీ నాలుగేండ్లు నిలబెట్టింది నేనే. ఎవరూ పట్టించుకోలేదని ఎట్ల రాసిన్రు సారూ? ఇంట్ల మనిషి ఉన్నదని సుత మీకు కనవడలేదా?"

అధికారి ఫైలు తాడును విప్పి మళ్ళీ కట్టాడు. గోడ గురించి ఆరు వందల మాటలు రాసినవాణ్ణి, ఆ గోడ వెనకున్న మనిషికి ఒక్క మాట ఖర్చు పెట్టలేదు. పాత గోడను ఎవరూ చూడరని లోకాన్ని తిట్టిన నేను, చూసింది కూడా అలాగే. ఆ వాక్యం పక్కన "అబద్ధం" అని రాసి సంతకం పెట్టాను.

అధికారి మాట నిలబెట్టుకున్నాడు. మర్నాడు వచ్చి రాయిని చూశాడు, గీతలు చూశాడు, అప్పుడే మలుపు తిరుగుతూ ఇంకో గీత గీసిన ట్రాలీని కూడా చూశాడట. వారంలో పర్మిషన్ వచ్చింది. నేను ఆ ఆదివారం సవరణ రాశాను. అయిదు వాక్యాలు, ఏనుగుల్లేవు. పత్రిక వాళ్ళు ఫోన్ చేసి, "మిగతాది పంపలేదేంటి సార్?" అన్నారు. మా ఆవిడ మాత్రం, "నువ్వు రాసినవాటిల్ల ఆఖరుదాక చదివింది గిదొక్కటే," అంది. బేరం ఆడలేదు.

జూన్‌లో మిరుగు కార్తె వానలకు ముందే స్లాబ్ పడింది. మొదటి పెద్ద వాన వెలిసిన మర్నాడు చూడ్డానికి వెళ్ళాను. ముందు గోడ నిండా స్నానాల గదుల్లో వేసే నున్నటి టైల్స్, ఒక్కోదాని మీద ఒక్కో గులాబీ. పక్కన పచ్చ షట్టర్. కట్టడాల మీద అభిప్రాయాలున్న మనిషి ఎవరైనా అక్కడే స్పృహ తప్పాలి. నేను తప్పలేదు. ఆమె బయటికొచ్చి, "ఎట్లున్నది సారూ?" అంది. "మంచిగున్నది అక్కా," అన్నాను. కడుపు నిండా నవ్వి, కుర్చీ వేసి, చాయ్ పోసింది.

ఇక ఒప్పుకోవలసింది. గుంతలో పెళ్ళి బ్యాండు, ఎండకు వేగిన పల్లీలు, వీటిని మీరు ఈపాటికే సగం బేరంలో తీసేసి ఉంటారు. నేను నిలువునా కల్పించింది ఆ చివరి నాలుగు మాటలే. ఆమె బయటికి రాలేదు. ఎట్లున్నదని అడగలేదు. షట్టర్ సగం ఎత్తి ఉంది. లోపల మగ్గం మీద చుక్క తడి లేని ఎరుపు, నీలం పడుగు, పైన కవర్ లేదు. ఆమె తలెత్తింది, నన్ను గుర్తుపట్టింది, మళ్ళీ తల దించుకుని నేతలో పడింది. "తప్పయింది అక్కా" అని దారి పొడుగునా వల్లె వేసుకుంటూ వెళ్ళినవాణ్ణి, ఆ మాట గొంతు దాటించలేక ఎదుటి గోడ నీడన కాసేపు నిలబడ్డాను. గంటసేపు అని రాయబోయాను. అయిదు నిమిషాలు ఉంటుందేమో.

చాయ్ తాగిన మాట నిజం. సందు చివర హోటల్లో, నిలబడి, ఒక్కణ్ణే తాగాను.