అత్తయ్య కొరికి చూసిన బొమ్మలు

మా మేనత్త కుక్కకి ఏ ఆటవస్తువు ఇవ్వాలన్నా ముందు తన పళ్ళతో కొరికి చూసేది. మా ఇంట్లో ఆ అలవాటుని ఎవరూ ముద్దుగా చూడలేదు. వెక్కిరించారు. వెక్కిరించిన వాళ్ళలో నేనూ ఉన్నాను.

డెబ్భైల మొదట్లో మేము బెజవాడ పటమటలో ఒక పెంకుటింట్లో అద్దెకుండేవాళ్ళం. నాన్న కాలవల ఆఫీసులో గుమస్తా. అత్తయ్య నాన్నకి అక్క. పిల్లలు పుట్టలేదని పామర్రులో ఆమె భర్త ఇంకొకావిడను ఇంటికి తెచ్చుకున్నాడు. అత్తయ్యను ఒక ట్రంకుపెట్టెతో తీసుకొచ్చి మా గుమ్మంలో దింపి, చెప్పులైనా విప్పకుండా వెళ్ళిపోయాడు. నాన్న వీధి చివరిదాకా వెళ్ళి ఆయన్ని బస్సెక్కించి వచ్చాడు. ఎందుకిలా చేశావని ఒక్క మాటైనా అడగలేదు.

ఆ ఏడే నాన్న ఆఫీసులో పెద్ద ఇంజనీరు బదిలీ మీద వెళ్తూ ఒక సీమకుక్క పిల్లను నాన్న చేతిలో పెట్టాడు. ఆఫీసరు ఇచ్చింది కనక కాదనలేక తెచ్చాడు గానీ, ఇంట్లో ఎవరికీ అది అక్కర్లేదు. వారం తిరక్కుండా నాన్న చెప్పుల పట్టీ, అమ్మ జపమాల పూసలు, నా పలక అంచు నమిలేసింది.

"పళ్ళు వస్తున్నాయిరా తమ్ముడూ, దానికి నమలడానికి ఏదో ఒకటి ఉండాలి. మనం ఇవ్వకపోతే అదే వెతుక్కుంటుంది," అంది అత్తయ్య.

పామర్రులో ఆమె కాపురమున్న ఇల్లు పశువులాసుపత్రి పక్కన. గొంతులో ఏదో ఇరుక్కుని వచ్చిన కుక్కల్ని చాలా చూసిందట. అందుకే ఆమెకు లెక్కలుండేవి. కొరికితే ముక్కలు రాలకూడదు. నోట్లో మొత్తంగా పట్టకూడదు. రంగు ఊడకూడదు. నా కొండపల్లి బొమ్మల్లో చెయ్యి విరిగిన దాన్ని నేను ఇవ్వబోతే లాక్కుంది, రంగు కడుపులోకి పోతుందని. నొక్కితే కీచుమనే ప్లాస్టిక్ బాతును కోసి లోపలి రేకుబిళ్ళ తీసి చూపించింది. సైకిల్ టైరు ముక్క చాలా గట్టిగా ఉందని నేను తెస్తే, అంచులో దాగిన తీగ నా వేలికి తగిలించి, "ఇది దాని చిగుళ్ళలో దిగితే?" అంది. కొబ్బరిచిప్ప వద్దంది, పెచ్చులు లేస్తాయని. చివరికి పాత నవారుని మూడు పేటలుగా అల్లి, రెండు కొసలా పిడికిలంత ముళ్ళు వేసింది. దాన్ని పళ్ళతో పట్టి రెండు చేతులా లాగి చూసుకుని, అప్పుడు కుక్క ముందు పడేసింది.

"ఇదిగో నాన్నా, ఇది నీది," అంది.

ఆ "నాన్నా" అన్న మాట అమ్మకి మంట. అన్నాల దగ్గర కూచుని అందరూ వినేలా అనేది: "కడుపున కాయని వాళ్ళకి కుక్కలే కొడుకులు. పాపం, ఉయ్యాల కూడా కట్టండి వదినా." నాన్న తల వంచుకుని మజ్జిగ కలుపుకునేవాడు. అమ్మ నవ్విందని నేనూ నవ్వేదాన్ని. నాకు ఇంకో కోపం కూడా ఉంది. కుక్క రాకముందు అత్తయ్య నా బొమ్మలకి గౌన్లు కుట్టేది. ఇప్పుడు కుట్టడం లేదు.

నాకు తిరునాళ్ళలో కొన్న ఎర్రటి రబ్బరు బంతి ఒకటుండేది. నిమ్మకాయంత. అత్తయ్య దాన్ని చూసిన రోజే చెప్పింది: "ఇది మాత్రం దాని కంట పడనివ్వకమ్మా. సరిగ్గా గొంతుకి సరిపడా ఉంది."

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థనకి వెళ్ళింది. నాన్న ఊళ్ళో లేడు. నేను పెరట్లోకి బంతి తీసుకెళ్ళాను. పొరపాటున కాదు. అత్తయ్య చెప్పేదంతా అబద్ధమని, కుక్కకి ఏమీ కాదని అమ్మకి చూపించాలనుకున్నాను. రెండుసార్లు నేల మీద దొర్లించాను. తెచ్చి ఇచ్చింది. మూడోసారి పైకి ఎగరేశాను. అది గాల్లోనే నోరు తెరిచి అందుకుంది.

మొరగలేదు. ముందుకాళ్ళతో మూతి గీరుకుంటూ గిరగిరా తిరిగింది. తర్వాత నా దగ్గరికొచ్చి నా కాళ్ళకి తల మోపింది. నేను వెనక్కి జరిగాను. అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి చూసింది. "ముట్టుకోకు, కరుస్తుంది," అని అక్కడే నిలబడింది. దాని నాలుక నేరేడుపండు రంగుకి తిరిగింది.

అత్తయ్య వచ్చేసరికి అది పక్కకి ఒరిగి ఉంది. ఆమె ప్రార్థన పుస్తకం నేల మీద పడేసి, దాని నోట్లో చెయ్యి దూర్చింది. పళ్ళకి చర్మం చీరుకుని మణికట్టుదాకా రక్తం కారింది. బంతి వచ్చింది. ఊపిరి రాలేదు.

"ఎవరిచ్చారు?" అంది, నన్నే చూస్తూ.

అమ్మ కూడా నా వైపు తిరిగింది. "అత్తయ్యే ఇచ్చింది. పొద్దున," అన్నాను.

అమ్మ అంది: "దేవుడు ఊరికే ఒడి ఖాళీగా ఉంచడు వదినా. ఎవరికి ఇవ్వకూడదో ఆయనకి తెలుసు."

మర్నాడు నాన్న వచ్చాక, బంతి అత్తయ్యే ఇచ్చిందని అమ్మ చెప్పింది. ఆయన నన్ను పిలిచి అడిగాడు. మళ్ళీ అదే అన్నాను. రెండోసారి చెప్పడం తేలిగ్గా ఉంది. ఆ వారంలోనే అత్తయ్య ట్రంకుపెట్టె సర్దుకుని, చల్లపల్లి దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటపనికి వెళ్ళిపోయింది. ఆమె మంచం నాకు వచ్చింది. సంతోషించాను కూడా.

నాలుగైదేళ్ళకి దివిసీమ ఉప్పెన వచ్చింది. బస్సులు నడవడం మొదలయ్యాక అత్తయ్య ఎలా ఉందో చూడ్డానికి నాన్నా నేనూ వెళ్ళాం. హాస్టలు నిండా ఊళ్ళు పోగొట్టుకుని వచ్చిన జనం. ఆమె పెద్ద గుండిగలో గంజి కలుపుతోంది. జుట్టు సగం నెరిసింది. మమ్మల్ని చూసి, "తిన్నారా?" అంది, అంతే.

నాన్న వరండాలో కూచున్నాడు. నేను ఆమె వెనక నిలబడి, బంతి నేనే వేశానని చెప్పేశాను. ఏడ్చాను.

ఆమె గరిటె ఆపలేదు. "నిన్న ఇక్కడికి ఒకావిడ వచ్చింది. ముగ్గురు పిల్లలు ఆమె చేతుల్లోంచే కొట్టుకుపోయారు. ఆమె ఇంకా ఏడవలేదు. నువ్వు కుక్క కోసం ఏడుస్తున్నావా, నీ కోసమా?"

"అత్తయ్యా, నన్ను క్షమించు."

"నువ్వు అబద్ధం చెబుతున్నావని ఆ రోజే తెలుసు. నీకు పదకొండేళ్ళు. చిన్నదానివి. మీ నాన్నకీ తెలుసు, నేను అలాంటి బంతి ఇవ్వనని. తెలిసే ఊరుకున్నాడు. నేనొచ్చేసింది నీ వల్ల కాదమ్మా."

ఆమె గొంతు తగ్గించలేదు. వరండాకీ అక్కడికీ నాలుగడుగులు. నాన్న లేచి చెప్పులేసుకుని రోడ్డు మీదికి వెళ్ళిపోయాడు. నేను గంజి గిన్నెలు అందివ్వబోతే, "బస్సు పోతుంది, వెళ్ళు," అంది.

తిరుగు ప్రయాణంలో మేమిద్దరం ఒకే సీట్లో కూచున్నాం. బెజవాడ వచ్చేదాకా నాన్న కిటికీలోంచి మునిగిన పొలాలు చూస్తూనే ఉన్నాడు. ఆయన బతికున్నంత కాలం మా మధ్య ఆ మాట రాలేదు. నా పెళ్ళికి అత్తయ్యకి శుభలేఖ పంపాను. రాలేదు. రాకూడదనే నేనూ కోరుకున్నాను.