తిరిగిచ్చిన బయానా

నా చిన్నప్పుడు మా నేతవాడలో సేటు దగ్గర పైసలు పుట్టడం తేలిక. ఆ పైసలు మళ్లీ అతని చేతిలో పెట్టడమే గగనం. వరంగల్‌లో జంపఖానాలు నేసే ఇళ్లు మావి. బజారులో నూలు అంగడి, దాని వెనక పన్నెండు మగ్గాల షెడ్డు, రెండూ ఒకే సేటువి. కొత్తగా పనికి కుదుర్చుకునేవాడి చేతిలో అతను నలుగురి ముందు కొంత డబ్బు పెట్టేవాడు. దాన్ని బయానా అనేవారు. అది పుచ్చుకున్నవాడు తిరిగి కట్టేదాకా ఇంకొకరి మగ్గం మీద కూర్చోకూడదు. కట్టడానికి వెళితే "తొందరేమున్నది, ఉండనియ్" అని నవ్వేవాడు. మా పక్కింటి అన్న అలా ఏడేళ్లు ఆ మగ్గం గుంటలోనే ఉండిపోయాడు. వర్ధన్నపేటలో తల్లి చావుబతుకుల్లో ఉందని కబురొస్తే రెండు రోజులు సెలవడిగాడు. "పైసలు కట్టి పో" అన్నాడు సేటు. కట్టగలిగినవాణ్ణి వద్దనడం, కట్టలేనివాణ్ణి కట్టమనడం, ఇదీ ఆ పెద్దమనిషి నేర్చిన విద్య. అన్న తల్లిని చూడలేదు.

నాకు పదకొండేళ్లప్పుడు ఒక సాయంత్రం బడి నుంచి వస్తుంటే సేటు పిలిచాడు. "ఏంరా, చేతులు మంచి చురుకున్నయట గదా! ఇగో, ఏమన్న కొనుక్కో" అని పది రూపాయల నోటు చేతిలో పెట్టాడు. అరుగు మీద కూర్చున్న నలుగురు మాటలు ఆపి నా వంక ఎందుకు చూశారో నాకు అర్థం కాలేదు. నోటు మార్చి, దోస్తులతో కలిసి రూపాయి జిలేబీ తిన్నాను.

మిగిలిన తొమ్మిది చూపించగానే మా నాయన ముఖం మాడిపోయింది. "ఎంతమంది ముంగట ఇచ్చిండు?" అని ఒక్కటే అడిగాడు. ఆ తొమ్మిదీ పట్టుకుని పరుగున వెళ్లి, అలాగే పట్టుకుని తిరిగొచ్చాడు. సేటు చేతులు కట్టుకుని కూర్చున్నాడట. "ఇచ్చింది పది, తొమ్మిదెట్ల తీస్కుంట? ఆ పదైనా నాకిప్పుడు తొందరలేదు. పొద్దుగాల పోరణ్ని పనికి తోలు" అన్నాడట. ఒక్కసారి మగ్గం మీద కూర్చుంటే ఇక విడుదల లేదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ అన్నం వండింది గానీ ఎవరూ ముట్టలేదు.

మా నాయనమ్మ మాత్రం ఏడవలేదు. ఆమెకు అప్పటికే కళ్లు మసకబారాయి. కళ్ల దవాఖానకు పోవాలని చెంగున ముడేసుకున్న చిల్లరలోంచి ఒక రూపాయి తీసి తొమ్మిదికి కలిపింది. "లొల్లి బంజేయుండ్రి. పొద్దుగాల నేను పోత" అంది.

మర్నాడు సేటు అంగడి తలుపులు తీసి అగరొత్తులు వెలిగించేసరికి మేమిద్దరం మెట్ల దగ్గరున్నాం. మగ్గాల వాళ్లు ఒక్కరొక్కరే చేరుతున్నారు. నన్ను చూసి సేటు నవ్వాడు.

"తెచ్చినవా అవ్వా పోరణ్ని? లోపలికి తోలు."

ఆమె వినపడనట్టే పది రూపాయలు చాచింది. "ముందుగాల నాకు నూలియ్యి బిడ్డా. బోణీ నాదే."

సేటు ఆ డబ్బు వంక ఒక్క క్షణం చూశాడు. పొద్దున్నే వచ్చిన మొదటి బేరాన్ని కాదనే వ్యాపారి మా బజారులో లేడు. కాదంటే ఆ రోజంతా లక్ష్మి గడప తొక్కదని వాళ్ల భయం. అతను చెయ్యి చాపాడు, డబ్బు కళ్లకద్దుకున్నాడు, గల్లాపెట్టెలో వేసి నూలు తీయడానికి వెనక్కి తిరిగాడు.

"నూలద్దు" అంది మా నాయనమ్మ, షెడ్డు దాకా వినపడేలా. "నిన్న మా పోరనికిచ్చిన బయానా నీకు ముట్టింది. అందరు జూసిండ్రు గదా?"

సేటు చెయ్యి గల్లాపెట్టె దాకా వెళ్లి ఆగిపోయింది. బోణీ సొమ్ము తీసి వెనక్కివ్వడం అతని వల్ల కాదు. "ముసలిదానివి, గింత మోసమా?" అన్నాడు పళ్లు కొరుకుతూ.

"పసిపోరనికి బయానా ఇచ్చినోనివి, నువ్వా మోసం సంగతి మాట్లాడేది?"

మగ్గాల వాళ్లంతా నేల చూస్తున్నారు. అందరికంటే వెనక నిలబడ్డ మా పక్కింటి అన్న మాత్రం "ముట్టింది. నేను జూసిన" అన్నాడు. ఆ మాటకు సేటు అతనికి నెల రోజులు కూలి కోశాడు. తలచుకుంటే నాకిప్పటికీ రక్తం మరుగుతుంది.

ఇంటికి నడుస్తూ నాయనమ్మ నన్ను తిట్టలేదు. "పైసలిచ్చేటోణ్ని ఒక్కటడుగు బిడ్డా, మళ్లిస్తే తీస్కుంటవా అని" అంది, అంతే. ఆమె దవాఖాన ఇంకో ఏడాది వెనక్కి పోయింది.

మా నాయన మంచం పట్టడంతో నా బడి కూడా ఎక్కువ కాలం సాగలేదు. తర్వాతి చదువంతా పొట్లాల కాగితాల మీద, గ్రంథాలయం బల్లల మీద నేర్చుకున్నదే. ఆ చదువుతోనే మొన్న మా మనవడి ఉద్యోగ పత్రం కూడబలుక్కుని చదివాను. చేరగానే లక్ష ఇచ్చారు. రెండేళ్ల లోపు మానేస్తే రెండింతలు కట్టాలి. సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉంటాయి. "అందరు గిట్లనే చేస్తరు తాతా, ఫికర్ చెయ్యకు" అంటాడు. అందరూ సంతకం పెడితే అది బయానా కాకుండా పోతుందా?

డబ్బు చెడ్డదని నేననను. ఒక్క రూపాయి తక్కువైతే ఆ రోజు నాయనమ్మ కూడా నన్ను విడిపించుకోలేకపోయేది. అందుకే నేను ఎక్కడ పనిలో చేరినా మొదటి జీతాల్లోంచి కొంత తీసి విడిగా దాచేవాణ్ణి. పండగొచ్చినా, జ్వరమొచ్చినా అది ముట్టలేదు. "రేపటి నుంచి రాను" అని యజమాని ముఖం మీద చెప్పడానికి మాత్రమే ఆ డబ్బు. నా జన్మలో మూడుసార్లు ఖర్చుపెట్టాను. మూడుసార్లూ మళ్లీ కూడబెట్టాను.