మేనత్త బావిలో ఎర్రచార చేపలు

ఆ రోజుల్లో నిజాం సర్కారులో నౌకరీ సంపాదించడం ఒక ఎత్తు, దాన్ని చుట్టాల నుంచి కాపాడుకోవడం ఇంకో ఎత్తు. చేపల మహకమాలో, అంటే మత్స్యశాఖలో, నాది కచ్చా నౌకరీ. అమ్రాబాద్ అడవిలో ఒకే ఒక్క మడుగులో చిటికెనవేలంత చేప ఉంటుందట, నడుముకు ఎర్రచార, అదీ అంతరించిపోతోందట. "ప్రాణంతో తెచ్చి చూపిస్తే నీ నౌకరీ పక్కా" అన్నారు మా సాబ్. జలగలకు నెత్తురు ధారపోసి గుప్పెడు చేపలు పట్టాను. బిందెను ఒళ్లో పెట్టుకొని మోటారులో కల్వకుర్తి చేరి, మేనత్త ఇంట్లో దిగాను. తెల్లారి సాబ్ అక్కడికే వస్తారు. "అత్తా, ఈ బిందె ముట్టకు" అని మరీ మరీ చెప్పి పడుకున్నాను (చెప్పడమే నా ఖర్మ).

పొద్దున లేచేసరికి బిందె చింతపండుతో తోమి, తళతళలాడుతూ బోర్లించి ఉంది.

"అత్తా! చేపలేవి?"

"బాయిల ఇడిసిన అల్లుడా. గా ఇరుకు బిందెల నోర్లు తెరుస్తున్నయి పాపం. బాయిల చేపలుంటె నీళ్లు సాఫుగుంటయి గద!"

మా వైపు తాగేనీళ్ల బావిలో పురుగులను తింటాయని చిన్న చేపలను వదులుతారు. వదిలిన చేపను మళ్లీ పడితే నీళ్లు చెడతాయని నమ్మకం. గంపకు తాడు కట్టి బావిలోకి దించబోయానో లేదో, నీళ్లకు వచ్చిన ఆడవాళ్లంతా మీద పడ్డారు. అందరికంటే ముందు మా అత్తే! "సర్కారోడైతె ఏంది? మేం తాగే నీళ్లు ఖరాబు చేస్తవా?" అని నా చేతిలో గంప లాక్కుంది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

అప్పుడే సాబ్ వచ్చారు. "మచ్లీ కిదర్?" నేను బావి చూపించాను. ఆయన వంగి చూస్తుంటే తలమీది టోపీ కాస్తా నీళ్లలో పడింది. అత్త చేదతో దాన్ని పైకి తీసి, "తీస్కో సాబ్. టోపీని పట్టొచ్చు, చేపను పట్టొద్దు" అంది. సాబ్ తడి టోపీని పిండుతూ నావైపు తిరిగి "నీ నౌకరీ ఖతం" అన్నారు.

ఆ ఎండాకాలం అడవిలో మడుగు ఎండిపోయింది. ఆ చేప ఇంకెక్కడా కనబడలేదు. నాకేం లాభం? నేను మాత్రం ఆలేరులో ఓ దుకాణంలో పల్లీలు తూకం వేస్తూ అత్తను తిట్టుకునేవాణ్ణి. ఆమె కనబడ్డప్పుడల్లా "నీ చేపలు పిల్లలు పెట్టినయిరా" అని సంబరంగా చెప్పేది. ఒళ్లు మండిపోయేది.

అత్త పోయి చాలా ఏళ్లయింది. నేను ఇప్పటికీ కల్వకుర్తి వెళ్తే ఆ బావి గట్టు మీద వంగి, నీళ్లలో ఎర్రచార కదిలేదాకా చూస్తాను. ఎవరో ఒకరు "ఏం పడ్డది తాతా?" అని అడుగుతారు.

"నా నౌకరీ పడ్డది బిడ్డా" అంటాను. "మంచిగనే ఈదుతాంది."