పచ్చబడ్డ చెరువు

మా చెరువు పచ్చబడ్డ ఏడాది పెద్దమ్మ సంతోషం పట్టలేకపోయింది. హన్మకొండ అంచున ఆ చెరువులో చేపలు పట్టి బతికే ఇల్లు మాది. నన్ను పెంచింది పెద్దమ్మే, గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మి డిప్లొమా దాకా చదివించిందీ ఆమే. ఎనభైల మొదట్లో నేను మురుగునీటి పనుల సూపర్‌వైజర్‌గా కొత్తగా చేరాను. నా కాలు నేల మీద ఆనేది కాదు.

"చెరువు పచ్చగుండాలని మొక్కిన బిడ్డా, పోచమ్మ విన్నది" అందామె.

నేను దోసిట నీళ్లు తీసి చూశాను. అది పాచి! ఎగువనున్న హాస్టల్ మురుగు, సబ్బునీళ్లు చెరువులోకి వచ్చి ఎరువులా పనిచేస్తున్నాయి. రాత్రంతా ఆ పాచే గాలి పీల్చేస్తుంటే, తెల్లవారేసరికి నీళ్లలో గాలి చాలక చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. వచ్చే ఎండాకాలానికి అవి మిగలకపోతే పెద్దమ్మ పొయ్యి వెలగదు.

"పెద్దమ్మా, చెరువు పచ్చగుండొద్దు" అన్నాను.

గంప నేలకు కొట్టింది. "పచ్చగుండొద్దంటవా? తిన్న చెరువుకే శాపం పెడ్తానవా?"

ఆఫీసులో అందరి వెంటపడి, హాస్టల్ కింద గుంటలు తవ్వించాను. మురుగు వాటిలో నిలిచి, ఎండకు శుద్ధయి, గడ్డి మడులకు పోవాలి. దానిలోని సత్తువంతా గడ్డి తాగేయాలి, చెరువుకు చుక్క రాకూడదు. కొన్నాళ్లకు గుంటలు చిక్కటి పచ్చగా మారాయి. చేపల్లేని గుంటల్లో కావలసింది అదే, పగటి ఎండలో ఆ పాచే మురుగుకు గాలి అందించి శుద్ధి చేస్తుంది. నేను గట్టు మీద గంతులేశాను.

పెద్దమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "నీ గుంట పచ్చగుంటె ఎగురుతానవ్, నా చెరువు పచ్చగుంటె ఏడుస్తానవ్. ఇదేం చదువే?"

జవాబు చెప్పబోతే నవ్వొచ్చింది. నన్ను చూసి ఆమెకూ ఆగలేదు. ఇద్దరం గట్టు మీద కూలబడి, కడుపులు పట్టుకుని నవ్వాం. లోపల మాత్రం నాకు భయంగానే ఉంది.

వానలు పడ్డాయి, అలుగు పారింది, కొత్త నీళ్లొచ్చాయి. పాచి పలచబడింది. అడుగున చేపలు మిగిలాయో లేదో ఎవరికీ తెలియదు.

ఎండాకాలం మొదటి వల వేసిన పొద్దున ఆఫీసుకు పోతూ ఆగాను. అంతమంది గుంజుతున్నా వల కదలడం లేదు.

"సూస్తానవేందే, పట్టు!" అరిచింది పెద్దమ్మ.

అలాగే నడుంలోతు దిగాను. ఒక్కసారి గుంజేసరికి నీళ్లు ఎగిసిపడ్డాయి, పెద్ద బొచ్చె చేప ఒకటి ఎగిరి తోకతో నా చెంప ఛెళ్లుమనిపించింది. కళ్లు బైర్లు కమ్మాయి.

"కొట్టనియ్ బిడ్డా, పానంతోని ఉన్నది!" అంటూ పెద్దమ్మ వల వదలకుండానే భోరున ఏడ్చింది.